యుద్ధ నాటికను ఆపిన పెద్దలకు శ్రీకాకుళం నుంచి బహిరంగ లేఖ

ఉత్తరాంధ్రలో నాటిక పోటీలు నిర్వహిస్తున్న పెద్దలకు, ప్రాథమిక పరిశీలన చేసే న్యాయనిర్ణేతలకు, ప్రదర్శన మందిరాలకు అనుమతులిచ్చే అధికారులకు,

నమస్కారం.

శ్రీకాకుళం జిల్లాలో ఔత్సాహిక నటులతో నాటికలు వేస్తున్న ఒక చిన్న బృందం తరఫున ఈ లేఖ రాస్తున్నాను. మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడిన కుర్ర సైనికుల మీద మేము తయారుచేసిన నాటికను పోటీకి తీసుకోలేదు. సొంత ఖర్చుతో వేసుకుందామంటే ప్రదర్శనకు ముందురోజు మందిరం అనుమతి రద్దు చేశారు. ఈ రెండు నిర్ణయాలకూ కాగితం మీద కారణం లేదు. విడిగా రాసిన ఉత్తరాలకు జవాబు లేదు. ఈ ప్రాంతంలో నాటకం ఇంకా బతికి ఉండడంలో మీ కృషి ఉందని మాకు తెలుసు. ఆ గౌరవంతోనే ఇన్నాళ్ళూ ఆగాం. ఇక ప్రజల ముందే అడగవలసి వచ్చింది.

ముందుగా, ఆ నాటికలో ఏముందో చూడనివారికి చెప్పాలి.

1914 ఆగస్టులో యుద్ధం మొదలవగానే బ్రిటన్ యుద్ధ మంత్రి కిచెనర్ స్వచ్ఛంద సైనికుల కోసం పిలుపునిచ్చాడు. ఒకే ఊరివాళ్ళు, ఒకే మిల్లులో పనిచేసేవాళ్ళు, ఒకే బడిలో చదివినవాళ్ళు కలిసి చేరితే కలిసే పోరాడవచ్చని హామీ ఇచ్చారు. ఇంగ్లండ్‌లో లంకాషైర్ ప్రాంతంలోని ఆక్రింగ్టన్ అనే మిల్లు పట్టణంలో మేయరే పూనుకుని, ఇరుగుపొరుగు ఊళ్ళ కుర్రవాళ్ళను కూడా కలుపుకుని, పది రోజుల్లో ఒక బెటాలియన్ (సైనిక దళం) నింపాడు. బ్యాండు మేళాలతో ఊరేగించారు. పిల్లలు జేబురుమాళ్ళు ఊపారు. వయసు చాలనివాళ్ళు ఎక్కువ చెప్పి చేరారు. అలా దేశమంతటా లక్షల మంది చేరారు. వాళ్ళను ఎవరూ బలవంతం చేయలేదు, నిర్బంధ సైనిక సేవ అక్కడ 1916లో గాని రాలేదు. నమ్మి వెళ్ళారు. మా నాటికకు మూలం ఆ నమ్మకమే.

1916 జులై 1న ఫ్రాన్స్‌లోని సోమ్ నది దగ్గర వాళ్ళను దాడికి పంపారు. అంతకు ముందు వారం రోజులపాటు 15 లక్షలకు పైగా ఫిరంగి గుండ్లు కురిపించి, ఎదుటి కందకాల ముందున్న ముళ్ళకంచె తెగిపోయిందనీ నడుచుకుంటూ వెళ్ళవచ్చనీ చాలా దళాలకు చెప్పారు. కంచె చాలాచోట్ల తెగలేదు. ఆ ఒక్కరోజులో బ్రిటిష్ సైన్యంలో 57,470 మంది చనిపోవడమో గాయపడడమో గల్లంతవడమో జరిగింది. చనిపోయినవారే 19,240 మంది. ఆక్రింగ్టన్ బెటాలియన్ నుంచి ముందుకు కదిలిన దాదాపు 700 మందిలో 580 మందికి పైగా అరగంటలో చనిపోవడమో గాయపడడమో గల్లంతవడమో జరిగింది.

ఆ తర్వాత ఊళ్ళో ఏమైందన్నది మా నాటికలో ప్రధాన రంగం. పత్రికల్లో మొదట వచ్చినవన్నీ విజయ వార్తలు. ఉత్తరాలు మాత్రం ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. ఏడుగురే మిగిలారని పుకారు పుట్టింది. అధికారులు నిజం దాస్తున్నారని అనుమానించి జనం మేయర్ ఇంటిని చుట్టుముట్టారు. మా రంగస్థలం మీద ఆ మేయర్ గుమ్మంలో ఒక తల్లి నిలబడి ఒకే ఒక ప్రశ్న అడుగుతుంది: "పంపేటప్పుడు పేరుపేరునా పిలిచారు, ఇప్పుడు పేర్లు చెప్పడానికి ఎందుకు వెనకాడుతున్నారు?" మా పరిశీలనకు వచ్చిన సభ్యుల్లో ఒకరు ఈ రంగం దగ్గర కళ్ళజోడు తీసి తుడుచుకోవడం నటులంతా చూశారు.

చివరి రంగంలో బతికి మిగిలిన పంతొమ్మిదేళ్ళ కుర్రవాడు చనిపోయిన తన స్నేహితుడి తల్లికి ఉత్తరం రాస్తాడు. స్నేహితుడు ముళ్ళకంచె మీద సాయంత్రం దాకా ప్రాణంతో వేలాడాడని అతనికి తెలుసు. కాగితం మీద మాత్రం "క్షణంలో పోయాడమ్మా, బాధ తెలియలేదు" అని రాస్తాడు. ఆ యుద్ధంలో ఇలాంటి వాక్యంతో ఇళ్ళకు చేరిన ఉత్తరాలు లెక్కలేనన్ని. నాటిక అక్కడితో ముగుస్తుంది. నినాదం లేదు. ఏ దేశాన్నీ ఏ సైన్యాన్నీ కించపరిచే మాట లేదు. చేరిన రోజు ఉన్న ఉత్సాహాన్ని మేము ఎగతాళి చేయలేదు. ఆ ఉత్సాహం నిజమైనది, అది చితికిపోవడమూ నిజమే.

ఇంకొక మాట. ఆ మిల్లు పట్టణాల బట్ట మన నేతగాళ్ళ పొట్టకొట్టింది. పొందూరులో చరఖా తిప్పిన చేతులకు లంకాషైర్ మీద ప్రేమ ఉండవలసిన పని లేదు. అయినా అక్కడి తల్లి అడిగిన ప్రశ్న మా ఊళ్ళలోని ఆడవాళ్ళకు వివరించకుండానే తెలిసింది. కొడుకులను సైన్యానికి ఇచ్చే ప్రాంతం గనుక తెలిసింది.

నాటికను తిరస్కరించినప్పుడు మాకు నోటిమాటగా చెప్పిన కారణాలు మూడు. వాటికి మా జవాబు ఇది.

"సైనికుల మనోబలం దెబ్బతింటుంది" అన్నారు. సరిగ్గా ఈ కారణంతోనే ఆ యుద్ధంలో ఉత్తరాలు తెరిచి చదివారు. 13 లక్షలకు పైగా భారతీయులు ఆ యుద్ధంలో పనిచేశారు, దాదాపు 74,000 మంది తిరిగి రాలేదు. మద్రాసు సాపర్లు (సైనిక ఇంజనీరింగు దళం వాళ్ళు) మెసపొటేమియా, అంటే ఇప్పటి ఇరాక్, దాకా వెళ్ళారు. ఫ్రాన్స్ కందకాల నుంచి, ఇంగ్లండ్ ఆసుపత్రుల నుంచి మనవాళ్ళు రాసిన ఉత్తరాలను సెన్సారు అధికారులు చదివి, అందులోని దిగులును అంచనా కట్టి పైకి నివేదికలు పంపేవారు. అందుకని సైనికులు సంకేతాలు వాడారు. భారత సైనికులకు నల్ల మిరియాలనీ, తెల్ల సైనికులకు ఎర్ర మిరపకాయలనీ పేరు పెట్టి, నల్ల మిరియాలు అయిపోతున్నాయని ఇంటికి తెలియజేశారు. సెన్సారు వల్ల ఆ సైనికుడి దిగులు తగ్గలేదు, దాన్ని ఇంట్లోవాళ్ళతో పంచుకునే దారి మాత్రం మూసుకుపోయింది. వందేళ్ళ తర్వాత, యుద్ధం లేని రోజుల్లో, ఒక జిల్లా కేంద్రంలో గంటసేపు నడిచే నాటికకు అదే కారణం చెప్పడం మాకు బాధ కలిగించింది.

మా నటుల్లో ఒక కుర్రవాడు ఈ నాటికలో చివరి ఉత్తరం రాసే పాత్ర వేశాడు. రిహార్సల్స్ జరుగుతుండగానే సైన్యంలో ఎంపికై వెళ్ళాడు, ఇప్పుడు శిక్షణలో ఉన్నాడు. నాటిక అతన్ని ఆపలేదు. వెళ్ళేముందు తండ్రి దగ్గర కూర్చుని, తనకు ఏదైనా అయితే ఎవరికి ముందు చెప్పాలో, చెల్లెలి చదువు సంగతి ఏం చేయాలో మాట్లాడి వెళ్ళాడు. ఇలాంటి మాట మా ఇళ్ళలో ఎవరూ ఎత్తరు, అపశకునమంటారు. ఆ కుర్రవాడి మనోబలం తగ్గిందని నేను ఒప్పుకోను.

"శత్రువును కూడా మనిషిగా చూపారు" అన్నారు. నాటికలో ఒక ముసలి సైనికుడు 1914 క్రిస్మస్ నాటి సంగతి చెబుతాడు. ఆ రోజు ఫ్రాన్స్, బెల్జియం సరిహద్దు కందకాల్లో చాలాచోట్ల రెండు వైపులవాళ్ళూ కాల్పులు ఆపి, మధ్యలోకి వచ్చి చేతులు కలిపారు, సిగరెట్లు పంచుకున్నారు, శవాలను పూడ్చిపెట్టుకున్నారు. తర్వాత సేనాపతులు మళ్ళీ అలా జరగకూడదని ఆజ్ఞలు జారీచేశారు. ఇది చరిత్ర. శత్రువు మనిషి కాదని మన సంప్రదాయం ఏనాడూ చెప్పలేదు. భారత యుద్ధం ముగిశాక గాంధారి రణభూమిలో తన కొడుకుల కోసమే ఏడవలేదు, అభిమన్యుణ్ణి చూసీ ఏడ్చింది. గెలిచిన ధర్మరాజు రాజ్యం వద్దని అడవికి పోతానన్నాడు. రాయబారం పద్యాలకు తెల్లవారేదాకా కూర్చుని ఒన్స్ మోర్ కొట్టే ప్రేక్షకులు మనవాళ్ళు. వాళ్ళకు యుద్ధంలోని దుఃఖం కొత్త కాదు.

బొబ్బిలి సంగతి చెప్పనక్కరలేదు. 1757 జనవరి 24న ఆ కోట చుట్టూ విజయనగరం సేనలు, బుస్సీ ఫ్రెంచి ఫిరంగులు. లోపల తమ ఆడవాళ్ళనూ పిల్లలనూ తమ చేతులతోనే చంపుకుని బయటికి వచ్చి చచ్చిపోయిన మగవాళ్ళు. మూడు రోజులు తిరగకుండా గెలిచిన విజయరామరాజు తాండ్ర పాపారాయుడి కత్తికి బలయ్యాడు. రెండు వైపులా మన తెలుగువాళ్ళే. బుర్రకథ దళం ఈ కథ ఎత్తుకుంటే ఇటు బొబ్బిలిలోనూ అటు విజయనగరంలోనూ ఒకేలా ఏడుస్తారు. దానివల్ల పౌరుషం చచ్చిపోతుందని రెండున్నర శతాబ్దాలుగా ఎవరూ అనలేదు.

మూడోది, "చివర మన జెండా చూపించి ఒక దేశభక్తి గీతం పెట్టండి, అప్పుడు ఆలోచిస్తాం" అన్నారు. ఈ కథ 1916లో ఫ్రాన్స్‌లో ఉన్న ఇంగ్లీషు కుర్రవాళ్ళది. మన త్రివర్ణ పతాకాన్ని రాజ్యాంగ సభ ఆమోదించింది 1947 జులై 22న. ఆ జెండా మీద మాకు భక్తి ఉంది కాబట్టే, అనుమతి సంపాదించుకోవడానికి దాన్ని అడ్డం పెట్టుకోవడం మాకు ఇష్టం లేదు.

ఇప్పుడు ఈ నాటికను ఆపడం వల్ల మామూలు మనుషులకు జరుగుతున్న నష్టం గురించి. ఈ లేఖలో మీరు ఏది చదవకపోయినా ఈ భాగం చదవండి.

1. సైన్యానికి సిద్ధమవుతున్న కుర్రవాళ్ళు. సోంపేట నుంచి రాజాం దాకా ఏ ఊరికైనా తెల్లవారుజామున వెళ్ళి చూడండి. జాతీయ రహదారి పక్కన, చెరువు గట్ల మీద, కళింగపట్నం ఇసుకలో పరుగెత్తుతూ కనిపిస్తారు. పూర్తి మార్కులు రావాలంటే 1600 మీటర్లు అయిదున్నర నిమిషాల్లో పరుగెత్తాలి, పది పుల్లప్స్ తీయాలి, తొమ్మిది అడుగుల గుంత దూకాలి, ఎత్తు, ఛాతీ, కంటిచూపు సరిపోవాలి. ఈ లెక్కలన్నీ పదో తరగతి పిల్లవాడికి కూడా కంఠతా వచ్చు. శిక్షణ అకాడమీ ఫీజు కోసం తల్లి మెడలోని వస్తువు తాకట్టులోకి వెళ్ళిన ఇళ్ళు మా బృందంలోనే ఉన్నాయి. ఎలా చేరాలో చెప్పేవాళ్ళు ఇంతమంది ఉన్నారు. చేరాక మనిషికి ఏమవుతుందో చెప్పేవాళ్ళు ఎవరు? 2022 జూన్‌లో వచ్చిన అగ్నిపథ్ పథకం కింద చేరినవారికి సేవ నాలుగేళ్ళు, ఆపైన కొనసాగేది 25 శాతం దాకానే. తక్కినవారు దాదాపు 11.71 లక్షల రూపాయల సేవానిధితో, పెన్షన్ లేకుండా, ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ వయసులో ఇంటికి వస్తారు. ఈ పథకం మంచిదా చెడ్డదా అన్న చర్చ ఈ లేఖలో చేయను. అంత చిన్న వయసులో అంత పెద్ద అనుభవంతో తిరిగివచ్చే కుర్రవాడితో మాట్లాడడానికి ఊరు సిద్ధంగా ఉందా అన్నదే నా ప్రశ్న. "ఎందుకు వచ్చేశావు, ఉంచుకోలేదా?" అన్న మాట అతనికి మొదటి పలకరింపు కాకూడదు. నాటకం ఆ సిద్ధపాటును ఇవ్వగలదు.

2. తిరిగివచ్చిన సైనికులు. మా ఊళ్ళలో మిలటరీ నుంచి వచ్చిన మనిషిని రెండు సందర్భాల్లోనే గుర్తుచేసుకుంటారు. జెండా పండగనాడు దండ వేయడానికి ఒకసారి, క్యాంటీన్ సరుకు కావలసినప్పుడు మరోసారి. అతను రాత్రిళ్ళు లేచి కూర్చుంటే, పెళ్ళిలో బాణసంచా పేలినప్పుడు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంటే, "మిలటరీ ఆయనకు కోపం ఎక్కువ" అనేసి ఊరుకుంటారు. 1915లో ఒక బ్రిటిష్ వైద్యుడు ఈ స్థితికి వైద్య పత్రికలో 'షెల్ షాక్' అనే పేరు వాడాడు. అయినా ఆ యుద్ధంలో పారిపోయారు, పిరికితనం చూపారు వంటి అభియోగాల మీద 306 మంది బ్రిటిష్, సామ్రాజ్య సైనికులను సొంత సైన్యమే కాల్చి చంపింది. వాళ్ళలో కొందరు మనసు చెదిరినవాళ్ళు. ఆ ప్రభుత్వం వాళ్ళకు క్షమాభిక్ష ప్రకటించింది 2006లో. అప్పటికి వాళ్ళ తల్లులు లేరు, భార్యలు లేరు, చాలామందికి పిల్లలూ లేరు. మనసు గాయపడ్డవాణ్ణి పిరికివాడనడం ఎంత అన్యాయమో గుర్తించడానికి ఒక దేశానికి తొంభై ఏళ్ళు పట్టింది. మనమూ అంతకాలం తీసుకోవాలా?

మందిరం దక్కనప్పుడు ఒక ఊరి హైస్కూలు వరండాలో ఈ నాటిక వేశాం. నెల్లిమర్ల జనపనార మిల్లు సంచుల్లో ఊక నింపి కందకం కట్టాం. ఆనాడు ఫ్రాన్స్ కందకాలకు ఇసుక బస్తాలు వెళ్ళిందీ బెంగాల్ జనపనారతోనే, కాబట్టి రంగాలంకరణలో అబద్ధం లేదు. నాటిక అయ్యాక ఒక మాజీ హవల్దారు వేదిక దగ్గరికి వచ్చారు. నటనను మెచ్చుకోలేదు, తప్పుపట్టలేదు. బస్తాల వరసను పరీక్షగా చూసి, పైవరసలో ఒక బస్తాను తీసి అడ్డంగా తిప్పిపెట్టారు. "అతుకు ఎదురుగా ఉండకూడదు, లోపలివైపు ఉండాలి" అన్నారు. ఆ తర్వాత అక్కడే మెట్ల మీద కూర్చుని, చుట్టూ చేరిన కుర్రవాళ్ళకు తన సర్వీసు సంగతులు చెప్పారు. ఆయన ఇంటావిడ స్తంభం పక్కన నిలబడి విన్నారు. పెళ్ళయి పాతికేళ్ళు దాటినా ఇవేవీ తనకు తెలియవని మా బృందంలోని అమ్మాయితో అన్నారట. మీరు ఆపినది ఈ సంభాషణను.

3. ఇంటి దగ్గర ఉండే ఆడవాళ్ళు. సైనికుడి భార్యకు, తల్లికి ఊరు అప్పగించిన పని ధైర్యంగా ఉండడం. ఫోన్‌లో "బాగానే ఉన్నాను" అన్న మాట వినడం, అంతకు మించి అడగకపోవడం. నాటికలో ఉత్తరం రంగం జరుగుతున్నప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి వచ్చిన ఏడుపు వల్ల మా నటుడు రెండుసార్లు ఆగవలసి వచ్చింది. అది మా సంభాషణల గొప్పతనం అనుకోవడం లేదు. ఏడవడానికి వాళ్ళకు అంతకుముందు ఎవరూ చోటు ఇవ్వలేదు.

4. బడిపిల్లలు. వీళ్ళకు యుద్ధం ఫోనులో ఆడే ఆట. చనిపోయినవాడు మళ్ళీ లేస్తాడు. విజయనగరం పక్కన కోరుకొండలో 1962 నుంచి సైనిక్ స్కూలు ఉంది, అక్కడ చేరాలని కలలు కనే పిల్లలు ప్రతి ఊళ్ళో ఉన్నారు. ఆ కల మంచిదే. దాని పక్కన ఒక నిజం కూడా ఉండాలి.

5. నటులు. మా వాళ్ళలో ఎలక్ట్రీషియన్ ఉన్నాడు, అంగన్‌వాడీ కార్యకర్త ఉన్నారు, ఉపాధి హామీ పనికి వెళ్ళే కుర్రవాళ్ళు ఉన్నారు. కూలి పోగొట్టుకుని రిహార్సల్‌కు వచ్చారు. రద్దు చేసిన మందిరానికి కట్టిన సొమ్ము ఇంతవరకు తిరిగి రాలేదు.

ఇవన్నీ ఆలోచించి, మేము కోరుతున్నవి ఇవి.

1. నాటికను ఎందుకు తిరస్కరించారో, మందిరం అనుమతి ఎందుకు రద్దు చేశారో రాతపూర్వకంగా తెలియజేయండి. ఫోన్‌లో చెప్పిన మాటకు మేము ఎక్కడ అప్పీలు చేసుకోవాలి?

2. ఏదైనా చట్టాన్ని ఉల్లంఘించామంటే ఆ సెక్షన్ చూపండి. నాటకాలకు భయపడి తెల్ల ప్రభుత్వం 1876లో నాటక ప్రదర్శనల చట్టం తెచ్చింది. దాన్ని కేంద్రం 2018లో రద్దుచేసింది. భావప్రకటన స్వేచ్ఛకు రాజ్యాంగం 19వ అధికరణం పెట్టిన హద్దులు మాకు తెలుసు, వాటిని గౌరవిస్తాం. ఆ హద్దులు దాటని నాటికను 'ఇప్పుడు వద్దు' అనే అధికారం ఎవరికి ఎక్కడి నుంచి వచ్చిందో మాకు తెలియాలి.

3. ప్రాథమిక పరిశీలనకు కొలమానాలు ముందుగా ప్రకటించండి. రచన, నటన, దర్శకత్వం, రంగాలంకరణ, సంగీతం, వీటికి మార్కులు వేయండి, తక్కువ వేసినా తలవంచుతాం. ముగింపు ఎలా ఉండాలో మీరు నిర్ణయించకండి. జెండానో గీతాన్నో షరతుగా పెట్టడం మా బృందం విషయంలోనే కాదు, ఏ బృందం విషయంలోనూ జరగకూడదు.

4. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా మాజీ సైనికులను, వారి కుటుంబాలను ఆహ్వానించి, వారి ముందు ఈ నాటిక ఒక ప్రదర్శనకు అవకాశమివ్వండి. తర్వాత వారినే మాట్లాడనివ్వండి. సైనికుడి గౌరవానికి భంగం కలిగించే మాట ఉందని వాళ్ళు వేలెత్తి చూపితే, ఆ మాటను అక్కడే వారితో కూర్చుని తిరగరాయడానికి నేను సిద్ధం. సైనికుల తరఫున నిర్ణయం చేసేముందు సైనికులను అడగండి.

5. జిల్లా అధికారులకు ప్రత్యేకంగా ఒక విన్నపం. నియామక ర్యాలీలు జరిగే మైదానాల దగ్గర, శిక్షణ అకాడమీల్లో, సేవా నిబంధనలు, బీమా, సేవానిధి, తిరిగివచ్చాక ఉన్న అవకాశాలు తెలుగులో రాసిన బోర్డులు పెట్టించండి. మనసు బాగాలేనప్పుడు మాట్లాడడానికి 14416 అనే టెలీ మానస్ ఉచిత నంబరు ఉందని, అందులో తెలుగులో మాట్లాడవచ్చని ఆ బోర్డు మీదే రాయించండి. దీనికి పెద్ద ఖర్చు లేదు. మా నాటికకు అనుమతి వచ్చినా రాకపోయినా ఈ పని మాత్రం ఆగకూడదు.

6. మందిరానికి మేము కట్టిన సొమ్ము తిరిగి ఇవ్వండి, లేదా అదే సొమ్ముకు మరో తేదీ ఇవ్వండి.

సంక్రాంతికి సెలవు మీద జవాన్లు ఊళ్ళకు వస్తారు. పండగ వెళ్ళిన మొదటి ఆదివారం సాయంత్రం అదే హైస్కూలు ఆవరణలో ఈ నాటికను మళ్ళీ వేస్తున్నాం. ముందు వరసలు వాళ్ళకు, వాళ్ళ ఇంట్లోవాళ్ళకు కేటాయించాం. ప్రదర్శన తర్వాత మాట్లాడదలచుకున్నవారికి గంట సమయం, మైకు ఉంటాయి. నాటికను ఆపినవారికీ ఆ మైకు అందుబాటులో ఉంటుంది. మీ అభ్యంతరాలు అక్కడికి వచ్చి వాళ్ళ ముందే చెప్పండి, వింటాం. ఈ లోపు పైన అడిగిన మొదటి, ఆరో అంశాలకు జవాబు పంపితే అదే వేదిక మీద చదివి వినిపిస్తాం.

ఇట్లు
నాటిక రచయిత, దర్శకుడు
బృంద సభ్యులందరి తరఫున
శ్రీకాకుళం జిల్లా